వృత్తిసంఘానికొక అంతర్జాల విద్యాలయం

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక వృత్తిలో ఉన్నవారు సంఘంగా ఏర్పడి, తమ జ్ఞానాన్ని నిత్యం పెంపొందించుకోవడానికి అంతర్జాలాన్ని ఎలా వినియోగించుకోవచ్చునో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. సభ్యత్వం అనే మాటలో హక్కుతో పాటు బాధ్యత కూడా ఇమిడి ఉందని విద్యార్థులు గ్రహించాలి.

పాఠ్యభాగం

నల్గొండ జిల్లాలో నార్కట్‌పల్లి - అద్దంకి రహదారి మీద దామరచర్ల ఉంది. దానికి చేరువలోని వాడపల్లి వద్ద మూసీనది కృష్ణలో కలుస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పచ్చబడిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో వరి ప్రధానమైన పంట. ఈ ప్రాంతంలో ఏ ఊరి అంగడివీధికి వెళ్ళినా పంటకాలంలో ఒక దృశ్యం కనబడుతుంది. పొద్దుగూకే వేళ ఒక రైతు, ఎండిన వరి ఆకును చేతపట్టుకొని ఎరువుల దుకాణం మెట్లెక్కుతాడు. "దీనికి ఏం మందు కొట్టాలె సేటూ?" అని అడుగుతాడు. దుకాణదారు చెప్పే ఒక్క మాట మీద ఆ రైతు పంట, అతని అప్పు, అతని ఇంటి సంవత్సర గ్రాసం ఆధారపడి ఉంటాయి.

ఆ ఆకును చదవడం కూడా ఒక విద్యే. నూలుకండె ఆకారంలో, నడుమ బూడిదరంగు కలిగిన మచ్చలుంటే అది అగ్గితెగులు. దానికి కారణం శిలీంద్రం. ఆకు కొననుంచి అంచుల వెంట అలలవలె పసుపురంగు దిగుతూ ఎండిపోతే అది ఎండాకు తెగులు. దానికి కారణం బాక్టీరియా. శిలీంద్రాన్ని అణచే మందు బాక్టీరియాను అణచదు. ఆ పసుపురంగును చూసి నత్రజని లోపమని భ్రమించి యూరియా వేయిస్తే తెగులు మరింత విజృంభిస్తుంది. తప్పుడు సలహా వల్ల రైతుకు రెండు నష్టాలు కలుగుతాయి. మొదటిది మందు ఖర్చు, రెండవది కాలం. ఖర్చును వచ్చే పంటలో పూడ్చుకోవచ్చునేమో కాని, తెగులు ముదిరిన ఆ పది రోజులు తిరిగిరావు. ఇలా తప్పు చెప్పిన దుకాణదారు మోసగాడే కానక్కరలేదు. నేర్చుకొనే దారి కనబడనివాడు కావచ్చు.

వృత్తికి ప్రాణం నిరంతరాధ్యయనం

సరుకు కొని సరుకు అమ్మడం వర్తకం. ఎదుటివాడు తన అజ్ఞానాన్ని నమ్మకంతో మన ముందుంచినప్పుడు, ఆ నమ్మకానికి తగిన జ్ఞానాన్ని సంపాదించుకొని మాట్లాడడం వృత్తిధర్మం. వైద్యుడికీ న్యాయవాదికీ ఉపాధ్యాయుడికీ ఈ ధర్మం ఎంతగా వర్తిస్తుందో, పురుగుమందులు అమ్మేవాడికీ అంతగానే వర్తిస్తుంది.

ఈ సత్యాన్ని గుర్తించి, హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ 2003లో ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల విక్రేతల కోసం ఏడాది డిప్లొమాను ప్రారంభించింది. అందరూ 'దేశీ' అని పిలిచే ఈ శిక్షణలో 40 తరగతి బోధనలు, 8 క్షేత్ర సందర్శనలు ఉంటాయి. ఇది మెచ్చదగిన ప్రయత్నం. అయితే ఏడాది ముగిసిన తరువాత ఏమిటన్నది ప్రశ్న.

శాస్త్రం ఒకచోట నిలిచి ఉండదు. మన ప్రాంతంలో ఎంతో ఆదరణ పొందిన సాంబ మసూరికి ఎండాకు తెగులును తట్టుకొనే శక్తి లేదు. ఆ తెగులును తట్టుకొనే మెరుగైన సాంబ మసూరిని హైదరాబాదు శాస్త్రవేత్తలు రూపొందించగా, అది 2008లో విడుదలైంది. 2018 ఆగస్టులో కేంద్రప్రభుత్వం 18 పురుగుమందులపై నిషేధం ప్రకటించింది. వాటిలో 12 మందులకు అది వెంటనే అమలులోకి వచ్చింది. ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్వాస్ మొదలైన తక్కిన 6 మందులకు 2020 డిసెంబరు 31 నుంచి వర్తించింది. ఫోరేట్ గుళికలను దశాబ్దాల పాటు అమ్మినవాడికి, ఒకప్పటి పాఠంలో వాటి పేరు విన్నవాడికి, ఈ మార్పును ఎవరు చెప్పాలి? ఒకసారి పొందిన పట్టా ఆనాటి జ్ఞానానికి గుర్తు మాత్రమే. నేటి జ్ఞానానికి నేడు చదవడం తప్ప వేరు మార్గం లేదు. దుకాణం మూసి పట్నానికి పోయి నెలల తరబడి చదవడం సాధ్యం కాని వారికి పాఠశాలే చేతిలోని ఫోనులోకి రావాలి. వృత్తిసంఘాల అంతర్జాల విద్యాలయాల అవసరం ఇక్కడ నుంచే పుట్టింది.

మునగాల నేర్పిన పాఠం

సభ్యులు తలా కొంత ధనం వేసుకొని జ్ఞానాన్ని సమకూర్చుకోవడం తెలుగువారికి కొత్త కాదు. సూర్యాపేట, కోదాడల నడుమ ఉన్న మునగాల ఒకప్పుడు జమీందారీ కేంద్రం. మునగాల రాజా నాయని వేంకట రంగారావు, ఆయన వద్ద దివానుగా ఉన్న కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారి కృషితో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపితమైంది. చరిత్ర, విజ్ఞానశాస్త్రాలు, మహనీయుల జీవితాలు తెలుగులో చదువుకొనే అవకాశాన్ని ఆ మండలి కల్పించింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర దాని తొలి ప్రచురణ.

ఆ మండలికి చందాదారులు అండగా నిలిచారు. చందా కట్టినవారు ఒక పుస్తకానికి ధర చెల్లించినవారు మాత్రమే కారు. తరువాతి పుస్తకం పుట్టడానికి కారకులు కూడా వారే. అలా పుట్టిన పుస్తకం చందాదారుల ఇళ్ళలోనే ఉండిపోలేదు. గ్రంథాలయోద్యమం ద్వారా చందా కట్టలేనివారి చేతికి కూడా చేరింది. సభ్యుల ధనంతో పుట్టిన జ్ఞానం సభ్యుల హద్దు దాటి సమాజానికి అందడం మునగాల నేర్పిన పాఠం. తరువాతి కాలంలో, 1982లో, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడింది. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్న ఆ సంస్థ, పనిచేసుకొంటూ చదువుకోవచ్చునని వేలాది కుటుంబాలకు చూపింది. మనం చెప్పుకొంటున్న అంతర్జాల విద్యాలయం ఈ పరంపరలోనిదే.

అభ్యాస వేదిక అంటే ఏమిటి?

మామూలు వెబ్‌సైటు గోడమీద అంటించిన ప్రకటన వంటిది. వచ్చినవాడు చదివి వెళ్ళిపోతాడు. ఎవరు చదివారో, ఎంత గ్రహించారో ఆ గోడకు తెలియదు. అభ్యాస వేదిక తరగతిగది వంటిది. అందులో హాజరుపట్టిక ఉంటుంది, పాఠం ఉంటుంది, ప్రశ్న ఉంటుంది, జవాబును సరిదిద్దే గురువు ఉంటాడు. ఎవరు ఎంతవరకు చదివారో అది గుర్తుంచుకొంటుంది.

ఇటువంటి వేదికలలో మూడుల్ ప్రసిద్ధమైనది. దీని సృష్టికర్త ఆస్ట్రేలియా దేశీయుడు మార్టిన్ డూజియామస్. ఆయన బాల్యం ఆ దేశపు ఎడారి ప్రాంతంలో గడిచింది. బడి అందుబాటులో లేని ఆ చోట రేడియో తరంగాల ద్వారా చెప్పే పాఠాలు విని ఆయన చదువుకొన్నాడు. దూరంగా ఉన్నవాడికి చదువు ఎలా చేరాలో అనుభవంతో తెలిసిన ఆ మనిషి 2002 ఆగస్టులో మూడుల్ తొలి పూర్తిరూపాన్ని విడుదల చేశాడు. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, తమ అవసరానికి తగినట్లు మార్చుకోవచ్చు. అయితే దానిని ఉంచే సర్వరుకు అద్దె, డొమైన్ పేరుకు ఏటేటా రుసుము, నిర్వహించేవారి శ్రమకు ప్రతిఫలం తప్పవు. ఉచితమైనది సాఫ్ట్‌వేరే కాని నిర్వహణ కాదని ముందే తెలుసుకోవాలి.

నిర్మాణ క్రమం

దామరచర్ల, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటలలోని ఎరువులు, పురుగుమందుల విక్రేతలు ఒక సంఘంగా ఏర్పడి ఇటువంటి విద్యాలయాన్ని నిర్మించదలచారని ఊహించుకొందాం. వారు ఏ క్రమంలో నడవాలో చూద్దాం.

మొదటిది, లక్ష్యనిర్ణయం. "మా సంఘానికి ఒక వెబ్‌సైటు కావాలి" అనేది లక్ష్యం కాదు. "మా సభ్యులలో ప్రతి ఒక్కరూ వరి తెగుళ్ళను ఆకు చూసి గుర్తించగలగాలి. నిషిద్ధమైన మందు ఏ సభ్యుని దుకాణంలోనూ ఉండరాదు" అనేది లక్ష్యం. లక్ష్యం ఇంత స్పష్టంగా ఉంటే ఏ పాఠం ముందు రాయాలో దానంతట అదే తెలుస్తుంది.

రెండవది, అధికార విభజన. వేదికలో ప్రతివారికీ ఒక పాత్ర ఉంటుంది. నిర్వాహకుడు మొత్తం వ్యవస్థను చూస్తాడు. పాఠ్యకర్త పాఠాలు చేరుస్తాడు. బోధకుడు జవాబులు దిద్దుతాడు. సభ్యుడు చదువుతాడు. అతిథి, అందరికీ తెరచి ఉంచిన పుటలను మాత్రమే చూస్తాడు. ఎవరికి ఏ పని ఉందో ఆ పనికి చాలినంత అధికారమే ఇవ్వాలి. సంఘాధ్యక్షుడన్న గౌరవంతో ఆయనకు నిర్వాహక అధికారం ఇవ్వనక్కరలేదు. అలాగని తాళపుచెవి ఒక్కరి చేతిలోనే ఉండరాదు. ఆ ఒక్కరూ ఊరు విడిచి వెళితే విద్యాలయం మూతబడుతుంది. కనీసం ఇద్దరు నిర్వాహకులు ఉండడం క్షేమం.

మూడవది, సభ్యత్వ నమోదు. ఇక్కడ ఖాతా వేరు, సభ్యత్వం వేరు అన్న భేదాన్ని గుర్తించాలి. పేరు, ఈమెయిలు ఇచ్చి ఎవరైనా ఖాతా తెరవవచ్చు. అంతమాత్రాన వారు సభ్యులు కారు. దరఖాస్తుదారు తన దుకాణం ఉన్న ఊరు, లైసెన్సు సంఖ్య తెలియజేయాలి. కార్యదర్శి లైసెన్సును సరిచూసిన తరువాతనే ఆ ఖాతాను 'సభ్యగణం'లో చేర్చాలి. పాఠాలన్నింటినీ ఆ గణంతో ముడిపెడితే, గణంలో చేరినవారికి తలుపులు వాటంతట అవే తెరచుకొంటాయి. సంవత్సరాంతంలో సభ్యత్వం పునరుద్ధరించుకోనివారి పేరును గణం నుంచి తీసివేస్తే తలుపులు మూసుకొంటాయి. ఈ సందర్భంలో ఒక జాగ్రత్త అవసరం. గణం నుంచి తప్పించినవారిని పాఠం నుంచి పూర్తిగా తొలగించాలా, ప్రవేశం మాత్రమే నిలిపివేయాలా అని వేదిక అడుగుతుంది. నిలిపివేయడమే మంచిది. ఆ సభ్యుడు మరుసటి ఏడాది తిరిగివస్తే అతని పాత మార్కులు, పూర్తిచేసిన పాఠాలు భద్రంగా ఉంటాయి.

నాల్గవది, పాఠ్యరచన. గ్రంథాన్ని తెచ్చి అంతర్జాలంలో పెట్టినంత మాత్రాన పాఠం కాదు. దుకాణదారుకు రెండు బేరాల మధ్య దొరికే పది నిమిషాలలో ఒక విషయం పూర్తికావాలి. సుడిదోమను తీసుకొందాం. ముందు వరి దుబ్బు మొదట్లో గుంపులుగా ఉన్న దోమల ఛాయాచిత్రం ఉండాలి. తరువాత ఒక చిన్న వీడియో ఉండాలి. నాట్లు వేసేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడిస్తే గాలి వెలుతురు తగిలి దోమ అదుపులో ఉంటుందని, నత్రజని మోతాదు మించితే దోమ పెరుగుతుందని, మందు కొట్టేటప్పుడు అది దుబ్బు మొదట్లో పడాలని అందులో వివరించాలి. అమ్మకానికి పనికివచ్చేది మందు ఒక్కటే అయినా, పాఠంలో మందు లేని ఉపాయం ముందు రావాలి. సంఘం ఎవరి పక్షాన ఉందో పాఠాల వరుసే చెబుతుంది.

ఐదవది, పరీక్ష. ప్రశ్నలనిధిలో ఎక్కువ ప్రశ్నలు ఉంచి, ఒక్కొక్కరికి వేరువేరుగా కొన్ని వచ్చేట్లు చేయవచ్చు. "ఎండాకు తెగులుకు కారణం ఏది?" అని అడగడం కంటే ఆకు చిత్రం చూపి, "ఈ రైతుకు మీరేమి చెబుతారు?" అని అడగడం మేలు. తప్పు జవాబు గుర్తించినవారికి మార్కు తగ్గించి ఊరుకోరాదు. ఆ జవాబు ఎందుకు తప్పో, దానివల్ల పొలంలో ఏమి జరుగుతుందో వెంటనే కనబడాలి. పరీక్షలో చేసిన తప్పుకు మార్కు పోతుంది. అదే తప్పు దుకాణంలో జరిగితే పంట పోతుంది.

ఆరవది, సర్టిఫికెట్. పాఠాలు పూర్తిచేసి పరీక్షలో ఉత్తీర్ణులైనవారికే అది లభించేట్లు వేదికలో నియమం పెట్టవచ్చు. సర్టిఫికెట్‌కు ఒక సంఖ్య, దాని యథార్థతను ఎవరైనా సరిచూసుకొనే మార్గం ఉండాలి. ఏ సంవత్సరం వరకు చెల్లుతుందో దానిమీద ముద్రించాలి. ఇది సంఘం ఇచ్చిన అభ్యాసపత్రమే కాని ప్రభుత్వ లైసెన్సు కాదని కూడా స్పష్టంగా రాయాలి. చందా కట్టినందుకు సర్టిఫికెట్ ఇచ్చే సంఘం తన గౌరవాన్ని తానే అమ్ముకొన్నట్లవుతుంది. చందాకు రసీదు ఇవ్వాలి, చదువుకు మాత్రమే సర్టిఫికెట్ ఇవ్వాలి. ఈ రెండింటినీ కలపకపోవడమే సంఘానికి ప్రాణం.

అందరికీ తెరచిన తలుపు

సభ్యులకు మాత్రమే ఏమి చూపాలి, అందరికీ ఏమి చూపాలి అన్నది సాంకేతికమైన ప్రశ్నగా కనబడినా, నిజానికి అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. పాఠ్యక్రమాలు, పరీక్షలు, సభ్యుల చర్చలు చందా కట్టినవారికి పరిమితం కావచ్చు. కాని నిషిద్ధమైన మందుల జాబితాను, విషప్రభావం సోకినప్పుడు చేయవలసిన ప్రథమ చికిత్సను తాళం వేసి ఉంచడం తగదు. మందు డబ్బా మీది ఎరుపు త్రిభుజం అత్యంత విషాన్ని, పసుపు అధిక విషాన్ని, నీలం మధ్యస్థ విషాన్ని, ఆకుపచ్చ స్వల్ప విషాన్ని సూచిస్తాయి. ఈ నాలుగు రంగుల అర్థం తెలుసుకోవడానికి రైతుకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అవసరమా? విజ్ఞానచంద్రికా మండలి పుస్తకం చందాదారుని గడప దాటినట్లే, ఈ విషయాలు కూడా సభ్యుల హద్దు దాటాలి.

తెలుగు పాఠాలను యూనికోడ్ లిపిలోనే టైపు చేయాలి. అచ్చుపుటలను ఫోటోలు తీసి పెడితే అవి కంటికి కనబడతాయి కాని వెదికితే దొరకవు. 'సుడిదోమ' అని టైపు చేసిన సభ్యుడికి ఆ మాట ఉన్న ప్రతి పాఠం కనబడాలంటే అక్షరాలు అక్షరాలుగానే ఉండాలి. దామరచర్ల మండలంలో లంబాడీ తండాలు అనేకం ఉన్నాయి. ముఖ్యమైన హెచ్చరికలను లంబాడీ భాషలో చదివి రికార్డు చేసి ఉంచితే, చదవలేని రైతుకు దుకాణదారు వాటిని వినిపించగలుగుతాడు. సంకేతం సరిగా అందని చోట్ల, మూడుల్ యాప్‌లోకి పాఠాలను ముందుగా దించుకొని తరువాత తీరికగా చదువుకొనే వీలు కూడా ఉంది.

నమ్మకాన్ని కాపాడుకోవడం

సభ్యుడు తన వివరాలను సంఘానికి అప్పగిస్తున్నాడు. అవసరం లేని వివరాన్ని అడగకపోవడమే గోప్యతకు మొదటి మెట్టు. పాఠం చెప్పడానికి కులం పేరు, ఆధార్ సంఖ్య అక్కరలేదు. వ్యక్తుల సమాచార రక్షణ కోసం 2023లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. ఏ సమాచారం ఎందుకు తీసుకొంటున్నారో స్పష్టంగా చెప్పి, సమ్మతి పొందడం దాని ప్రధాన సూత్రాలలో ఒకటి. ఒక సభ్యుని మార్కులు మరొక సభ్యుడికి కనబడరాదు. సభ్యుల ఫోను నంబర్లను మందుల కంపెనీల ప్రచారానికి ఇవ్వరాదు.

భద్రత మాట కూడా మరువరాదు. సాఫ్ట్‌వేరుకు వచ్చే కొత్త సవరణలను ఎప్పటికప్పుడు చేర్చాలి. మొత్తం సమాచారానికి వారం వారం బ్యాకప్ తీసి వేరొక చోట భద్రపరచాలి. ఆ బ్యాకప్ నుంచి విద్యాలయాన్ని తిరిగి నిలబెట్టగలమో లేదో ఏడాదికి ఒకసారైనా పరీక్షించాలి. గాదెలో ధాన్యం ఉందని నమ్మడం వేరు, గాదె తెరచి చూడడం వేరు.

ముగింపు

తిరిగి ఆ సాయంకాలపు దుకాణానికి వద్దాం. రైతు చేతిలో ఆకు ఉంది. దుకాణదారుకు అది ఏ తెగులో తెలియదు. ఒంటరివాడైతే, తెలియదనడానికి సిగ్గుపడి ఏదో ఒక సీసా చేతిలో పెడతాడు. సంఘంలో సభ్యుడైతే అతనికి మరొక దారి ఉంది. "ఇది నాకు అంతుబట్టలేదు. రేపు పొద్దున చెబుతాను, అప్పటిదాకా ఏదీ కొట్టవద్దు" అని ధైర్యంగా అనగలుగుతాడు. ఆకును ఫోటో తీసి చర్చావేదికలో పెడతాడు. కోదాడలోని అనుభవజ్ఞుడో, పాఠం చెప్పిన శాస్త్రవేత్తో జవాబిస్తారు. ఆ జవాబు మరుసటి నెలలో అందరికీ పాఠమవుతుంది.

తెలియదని ఒప్పుకొనే ధైర్యాన్ని, తెలుసుకొనే మార్గాన్ని కలిపి ఇచ్చేదే నిజమైన సభ్యత్వం. పేర్ల పట్టిక, గుర్తింపు కార్డు, గోడకు తగిలించిన పత్రం దాని బాహ్య చిహ్నాలు మాత్రమే. వాడపల్లి వద్ద రెండు నదులు కలిసినట్లు, అంగడిలోని అనుభవమూ పరిశోధనశాలలోని శాస్త్రమూ కలిసే చోటుగా ఆ విద్యాలయం నిలిచినప్పుడు దానిని నిర్మించిన శ్రమ సార్థకమవుతుంది. రేపు మీరు ఏ వృత్తిలో ప్రవేశించినా, పట్టా చేతికి వచ్చిన రోజు చదువు ముగిసిందని భావించకండి. మిమ్మల్ని నమ్మి ఒకరు ప్రశ్న అడిగిన రోజున అసలైన చదువు మొదలవుతుంది.

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వృత్తిసంఘం అంతర్జాల విద్యాలయాన్ని నిర్మించుకొనే క్రమాన్ని వివరించండి.
2. "సభ్యుల ధనంతో పుట్టిన జ్ఞానం సభ్యుల హద్దు దాటి సమాజానికి అందాలి." ఈ అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు ఎనిమిది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఖాతాకు, సభ్యత్వానికి గల భేదాన్ని తెలపండి.
2. ఒకసారి పొందిన పట్టా ఎందుకు చాలదు? ఉదాహరణలతో రాయండి.
3. చందాకు రసీదు, చదువుకు సర్టిఫికెట్ అనడంలోని అంతరార్థం ఏమిటి?

ఇ. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. విజ్ఞానచంద్రికా మండలి ఏ సంవత్సరంలో స్థాపితమైంది?
2. మూడుల్ సృష్టికర్త ఎవరు?
3. ఎండాకు తెగులుకు కారణం ఏది?
4. మందు డబ్బా మీది ఎరుపు త్రిభుజం దేనిని సూచిస్తుంది?

ఈ. ఈ క్రింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
నిరంతరాధ్యయనం, గ్రంథాలయోద్యమం, సంవత్సరాంతం, విద్యాలయం

ఉ. మీ ప్రాంతంలోని ఒక వృత్తివారిని కలిసి, వారు తమ పనిలోని కొత్త విషయాలను ఎలా తెలుసుకొంటున్నారో అడిగి ఒక పుట వ్యాసం రాయండి.